తండా నుంచి కృష్ణ దాకా ఎంత దూరం

తిరువూరులో విజయవాడ బస్సెక్కితే దారిలో ఏ.కొండూరు మండలం తగులుతుంది. రోడ్డుకు అటూ ఇటూ మామిడి తోటలు, పత్తి చేలు, వాటి వెనక గుట్టలు, గుట్టల వారగా లంబాడీ తండాలు. నీళ్ల కష్టమంటే నెత్తిన బిందెతో మైళ్లకొద్దీ నడిచే ఆడవాళ్లే గుర్తొస్తారు గానీ, ఈ తండాల కథ అది కాదు. బోరింగు వీధి చివరే ఉంటుంది. కాసేపు కొడితే బిందె నిండుతుంది. నీళ్లు తేటగా ఉంటాయి, వాసన రాదు. అవే నీళ్లు పోసి కందిపప్పు పొయ్యి మీద పెడితే మాత్రం ఎంత మంట పెట్టినా పలుకు విడవదు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. నీళ్లు కాచిన గిన్నె అడుగున సున్నం కొట్టినట్టు తెల్లటి పొర పేరుకుంటుంది, పీచు పెట్టి తోమినా ఒక పట్టాన వదలదు.

గిన్నెలు పాడవడంతో ఆగిపోయి ఉంటే ఈ ఊళ్ల పేర్లు బయటివాళ్లకు తెలిసేవే కావు. దీప్లానగర్, మాన్‌సింగ్ తండా వంటి చోట్ల కొన్నేళ్లుగా కిడ్నీ జబ్బు ఇళ్లకు ఇళ్లను కుదేలు చేసింది. షుగరు లేనివాళ్లకు, బీపీ లేనివాళ్లకు, రెక్కాడితే గానీ డొక్కాడని నడివయసు కూలీలకు మూత్రపిండాలు చెడిపోతున్నాయి. బడి ముఖం చూడని పెద్దవాళ్ల నోట కూడా ‘క్రియాటిన్’ అన్న మాట వినిపిస్తుంది. రక్తంలో క్రియాటినిన్ ఎంత పెరిగితే కిడ్నీలు అంత దెబ్బతిన్నట్టని వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఇంట్లో మనిషి మంచం పట్టాక తెలిసింది.

జబ్బు ముదిరితే మిగిలేది డయాలసిస్. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు మిషను పక్కన పడుకోవాలి. ఆ మిషను రోగి రక్తాన్ని శుభ్రం చేయడానికి నిమిషానికి అర లీటరు చొప్పున అత్యంత శుద్ధమైన నీటితో కలిపిన ద్రావణాన్ని వాడుతుంది. నాలుగు గంటలకు 120 లీటర్లు. రోజుకు మూడు లీటర్లు తాగే మనిషికి అది 40 రోజుల తాగునీరు. ఏళ్ల తరబడి ఒక్క బిందె మంచినీళ్లకు నోచుకోని మనిషికి, కిడ్నీలు పోయాక పూటకు 120 లీటర్ల శుద్ధజలం సమకూరుతుంది. డయాలసిస్ రోగులకు రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. అది పెద్ద ఆసరాయే. కానీ రోగితో పాటు ఆస్పత్రికి వెళ్లే భార్యో కొడుకో ఆ రోజు కూలి వదులుకోవలసిందే.

స్వచ్ఛమైన నీరు అందరికీ ఒకేలా అందడం లేదన్న సంగతిని జనానికి గుర్తుచేయడానికి ప్రపంచంలో చాలాచోట్ల నడకలు జరుపుతున్నారు. మార్చి 22 ప్రపంచ జల దినోత్సవం. 1993 నుంచి జరుగుతున్న ఆ రోజు చుట్టుపక్కల ఇలాంటి కార్యక్రమాలు ఎక్కువ. అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం చార్లెస్టన్ ప్రాంతంలో వాటర్ మిషన్ అనే సంస్థ జరిపే నడకలో పిల్లలూ పెద్దలూ ఖాళీ బకెట్లతో బయల్దేరతారు. సగం దారిలో బకెట్లు నింపుకొని, ఆ బరువుతో మిగతా సగం నడుస్తారు. బకెట్టు వైరు వేళ్లకు కోసుకుపోతుంది, నీళ్లు తొణికి కాళ్ల మీద పడతాయి, భుజం మార్చుకుంటూ నడవాలి. వరల్డ్ విజన్ సంస్థ జరిపే నడక దూరం ఆరు కిలోమీటర్లు. పేద దేశాల్లో నీళ్లు తెచ్చుకోవడానికి ఆడవాళ్లు, పిల్లలు సగటున నడిచే దూరం అంతేనని ఆ సంస్థ చెబుతోంది. పాల్గొనేవారు రుసుము కడతారు, లేదా తమ తరఫున డబ్బివ్వమని బంధువులను, ఆఫీసులో తోటివారిని అడుగుతారు. వచ్చిన సొమ్ము బావులకు, బోర్లకు, శుద్ధి యంత్రాలకు వెళుతుంది.

ఇలా నడిచి విరాళాలు పోగుచేసే పద్ధతికి అర్ధశతాబ్దం పైనే వయసుంది. 1969లో అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం బిస్మార్క్ పట్టణంలో ఆకలి నివారణ కోసం మొదలైన క్రాప్ నడక ఇలాంటి వాటిలో తొలితరానిది. నడకంటే తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పాల్సింది లేదు. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో భూదానం అందుకున్న వినోబా ఆ తర్వాత ఏళ్ల తరబడి దేశమంతా కాలినడకనే తిరిగారు. 2003 వేసవి ఎండల్లో, కరువు రోజుల్లో, వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. దారి పొడుగునా ఆయన విన్న మొరల్లో నీళ్లదీ ఒకటి.

అయితే చార్లెస్టన్ బకెట్టును తిరువూరుకు తెచ్చి అలాగే నడిస్తే సరిపోదు. ఎందుకంటే ఇక్కడి అసమానతను అడుగులతో కొలవలేం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి తాగునీటి అందుబాటును మెట్లు మెట్లుగా లెక్కిస్తాయి. అట్టడుగున చెరువూ కాలువా నీళ్లు నేరుగా తాగేవాళ్లు. వాళ్ల పైమెట్లలో రక్షణ లేని బావుల మీద ఆధారపడేవాళ్లు. ఇంకా పైన బోరింగు వంటి మెరుగైన వనరు నుంచి, వెళ్లి వరుసలో నిలబడి తిరిగి రావడానికి అరగంట దాటకుండా నీళ్లు తెచ్చుకోగలవాళ్లు. దీన్ని కనీస సదుపాయం అంటారు. అన్నిటికీ పైమెట్టు మీదున్నది సురక్షిత సదుపాయం. నీళ్లు ఇంటి ఆవరణలోనే ఉండాలి, కావలసినప్పుడు రావాలి, వాటిలో మలినాలూ, ఫ్లోరైడ్, ఆర్సెనిక్ వంటి హానికర రసాయనాలూ ఉండకూడదు. 2025లో వెలువడిన లెక్క ప్రకారం ఈ పైమెట్టు అందని వాళ్లు ప్రపంచంలో సుమారు 210 కోట్ల మంది, అంటే ప్రతి నలుగురిలో ఒకరు. ఇంట్లో నీటి వసతి లేని కుటుంబాల్లో పదింట ఏడింటిలో నీళ్లు తేవడం ఆడవాళ్ల పనే.

ఏ.కొండూరు తండాల్లోని బోరింగును ఈ లెక్కలో పెడితే అది కనీస సదుపాయం కిందికి వస్తుంది. ఇంటికి దగ్గర, అరగంట లోపు పని. పట్టికలో చూస్తే ఫరవాలేదనిపించే చోట మనుషులు డయాలసిస్‌కు వెళుతున్నారు. దూరం తగ్గించడమే నీటి సమస్యకు పరిష్కారమని అనుకున్న రోజుల్లో బోరు వేయించడం గొప్ప పుణ్యకార్యంగా ఉండేది. ఊరి బావి ఎండిపోయినా, అందులో కలరా క్రిములు చేరినా, లోతు నుంచి వచ్చే బోరు నీరే మేలని ప్రభుత్వాలూ, యునిసెఫ్ వంటి సంస్థలూ 1970ల నుంచి ఊరూరా చేతిపంపులు దించాయి. ఇండియా మార్క్ 2 పంపు తెలుగు పల్లెల్లో కనిపించని వీధి లేదు. దాంతో కలరా, విరేచనాల ముప్పు తగ్గింది. ఆ మేలు కాదనలేనిది. కానీ గట్టి రాతి నేలల్లో, బోరు లోతుకు వెళ్లినకొద్దీ నీరు రాళ్ల మధ్య ఎంతోకాలం నిలిచి, రాతిలోని లవణాలను కరిగించుకుంటుంది. కొన్నిచోట్ల ఫ్లోరైడ్, కొన్నిచోట్ల సిలికా, ఇంకొన్నిచోట్ల అన్నీ కలిసి పైకొస్తాయి. కంటికి కనిపించవు, నాలుకకు తెలియవు.

ఇంతకీ ఈ ప్రాంతానికి నది ఏమంత దూరంలో ఉందని! తిరువూరు మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఏ.కొండూరు, మైలవరం, జి.కొండూరు దాటి ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది. అక్కడ కృష్ణ ఒడ్డే. తిరువూరు నుంచి చూస్తే సుమారు 70 కిలోమీటర్లు. ఈ 70 కిలోమీటర్లలో రెండు లోకాలున్నాయి. కింద డెల్టా. 1855 నాటికే విజయవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది, గుడివాడ, అవనిగడ్డ దాకా కాలువలు పారాయి. పైన మెట్ట. ఇక్కడి రైతులు నాగార్జునసాగర్ ఎడమ కాల్వ మీద ఆశ పెట్టుకున్నారు. ఆ కాల్వ నల్గొండ, ఖమ్మం జిల్లాలు దాటి వచ్చాక, చిట్టచివర ఉన్న మూడో జోన్ తిరువూరు, నూజివీడు ప్రాంతాలది. చివరి భూములకు నీరు చేరడం ఎప్పుడూ కష్టమే. గోదావరి నీళ్లు ఎత్తిపోసి ఈ మెట్టకు తెచ్చే చింతలపూడి పథకం 2008లో మొదలై ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. సాగునీటికి చివరన ఉన్న ఊరు తాగునీటికీ చివరనే ఉంటుంది. చెరువు నిండని ఊళ్లో బోరు ఇంకా లోతుకు దించాల్సి వస్తుంది, లోతుకు వెళ్లిన బోరు ఇంకా గడ్డు నీళ్లు తెస్తుంది.

మైలవరం చుట్టుపక్కల కొండల్లో పుట్టిన బుడమేరు 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచెత్తిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. మేడ మీద నిలబడ్డ జనం చుట్టూ నీళ్లే, తాగడానికి మాత్రం సీసాలు పడవల్లో రావాల్సి వచ్చింది. మెట్ట మీద పడ్డ వాన మెట్టలో ఇంకకుండా పల్లానికి దూకితే పైవాళ్లకు కరువు, కిందవాళ్లకు వరద. ఏ.కొండూరు కష్టం ఏ.కొండూరుదే అనుకునే నగరవాసికి ఈ ఒక్క ఉదాహరణ చాలాలి.

కిడ్నీలు చెడిపోవడానికి నీళ్లే కారణమా? ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. కారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇంకా ముద్ర వేయలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాలను దశాబ్దాలుగా పీడిస్తున్నదీ ఇలాంటి జబ్బే. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులను, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు కోసే కూలీలను పట్టిందీ అదే కోవకు చెందినది. అన్నిచోట్లా రోగులు పేదవాళ్లు, ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు. ఎండలో చెమటోడ్చి సరిపడా నీళ్లు తాగకపోవడం, ఒళ్లు నొప్పులకు అదేపనిగా నొప్పి మాత్రలు మింగడం, పురుగుమందులు, నేలలోని లోహాలు, నీటిలోని ఫ్లోరైడ్, గడ్డుతనం, సిలికా, ఇలా అనుమానాల జాబితా పొడుగ్గా ఉంది. బహుశా వీటిలో కొన్ని కలిసి పనిచేస్తుండవచ్చు.

సిలికా దగ్గర ఒక్క క్షణం ఆగాలి. దేశంలో తాగునీటికి ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా సహిస్తారు. కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేకపోతే 2,000. ఇలా పదుల అంశాలకు హద్దులున్నాయి. సిలికాకు మాత్రం హద్దే లేదు. ఏ.కొండూరు నీటి గురించి మాట్లాడేవాళ్లు ముందుగా చెప్పేది సిలికా గురించే. దానికి ప్రమాణం లేదు కాబట్టి, నీరు పరీక్షలో ‘పాస్’ అయిందని కాగితం వచ్చినా ఆ అనుమానం తీరదు. జలజీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు పరీక్ష కిట్లు వాడటం నేర్పించాలన్నారు. మంచి ఏర్పాటు. గడ్డుతనం, ఫ్లోరైడ్, నైట్రేట్, ఇనుము, క్లోరిన్ వంటివి ఊళ్లోనే తేలుతాయి. కానీ జనం భయపడే పదార్థమే ఆ కిట్లలో లేదు. ఆ పరీక్షకు నమూనా సీసా ప్రయోగశాలకు వెళ్లాలి.

కారణం తేలేదాకా మంచినీళ్లు ఆపనక్కర్లేదు. కారణాల్లో ఏది అసలుదైనా, శుద్ధమైన నీరు ఇవ్వడం వల్ల ఎవరికీ నష్టం లేదు. శ్రీలంక అదే చేసింది. కారణం మీద శాస్త్రవేత్తలు వాదులాడుకుంటుండగానే అక్కడి నౌకాదళం పల్లెల్లో నీటి శుద్ధి యంత్రాలు బిగించింది. ఉద్దానంలో హిరమండలం జలాశయం నుంచి 700 కోట్ల రూపాయలతో వేసిన సుజలధార పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. అదే రోజు పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ఏ.కొండూరుకు వచ్చిన జవాబూ అలాంటిదే. ముందు ట్యాంకర్లతో నీళ్లు పోశారు. తర్వాత రెడ్డిగూడెం మండలం కుదప నుంచి పైపులు వేసి తండాలకు కృష్ణా జలాలు తెచ్చే పథకం చేపట్టారు, దాని ఖర్చు సుమారు 50 కోట్ల రూపాయలు.

ట్యాంకరు వచ్చే ఊళ్లో తెల్లవారుజాము ఎలా ఉంటుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఖాళీ బిందెలు, రంగు డబ్బాలు, నూనె టిన్నులు, ప్లాస్టిక్ డ్రమ్ములు రోడ్డు పక్కన వరసగా ఉంటాయి. ఎవరి వంతు ఎవరిదో బిందెల వరస చెబుతుంది. ట్రాక్టరు శబ్దం వినపడగానే చేతిలో పని చేతిలోనే వదిలి పరుగెత్తాలి. పైపు చేతికందినవాళ్లకు నాలుగు బిందెలు, వెనకబడ్డవాళ్లకు ఒకటి. ఒంటరి ముసలమ్మ బిందె ఎవరైనా నింపి ఇంటికి చేర్చితేనే. కూలికి తెల్లారకముందే వెళ్లిపోయే ఇంట్లో ట్యాంకరు కోసం ఒకరు ఆగాలి, ఎక్కువసార్లు ఆ ఆగేది బడికి వెళ్లాల్సిన పిల్లే.

ట్యాంకరుకూ పైపుకూ మధ్య కొన్నేళ్లుగా పల్లెల్ని ఆదుకున్నది ఇరవై లీటర్ల టిన్ను. ఈ కథకు మొదటి అడుగుల్లో ఒకటి పాత కృష్ణా జిల్లాలోనే పడింది. 2005లో బొమ్మినంపాడులో నాందీ ఫౌండేషన్‌తో కలిసి వాటర్‌హెల్త్ సంస్థ ఊరుమ్మడి నీటి శుద్ధి కేంద్రం పెట్టింది. అతినీలలోహిత కిరణాలతో క్రిములను చంపే ఆ పరికరానికి రూపకల్పన చేసినవారు అమెరికాలో స్థిరపడ్డ భారతీయ శాస్త్రవేత్త అశోక్ గాడ్గిల్. ఆ కిరణాలు క్రిములను చంపుతాయే గానీ కరిగిన లవణాలను తీయలేవు. దానికి ఆర్వో యంత్రం కావాలి. దాతలు, ప్రవాసాంధ్రులు, కంపెనీలు సొంత ఊళ్లలో ఆర్వో ప్లాంట్లు కట్టించారు. 2014 అక్టోబరు 2న ఎన్టీఆర్ సుజల స్రవంతి పేరుతో 2 రూపాయలకే 20 లీటర్లు ఇస్తామని ప్రభుత్వమూ ముందుకొచ్చింది.

దాతృత్వానికి దండం పెట్టాల్సిందే. దాని హద్దులూ చెప్పుకోవాలి. టిన్ను నీళ్లు తాగడానికి సరిపోతాయి, వంటకు బోరు నీళ్లే పోస్తారు. అన్నంలో, పప్పులో, చారులో, మజ్జిగలో అవే నీళ్లు ఒంట్లోకి వెళతాయి. కూలి దొరకని వారం టిన్ను ఆగిపోతుంది. ఆర్వో యంత్రంలో పొర పాడైతే మార్చడానికి వేలల్లో ఖర్చు, కట్టించిన దాత పేరు శిలాఫలకం మీద ఉంటుంది గానీ ఆ ఖర్చుకు పద్దు ఉండదు. యంత్రం వదిలేసిన చిక్కటి ఉప్పు నీరు ఎక్కడికి పోతుందో చాలా ఊళ్లలో ఎవరూ అడగరు. అది మళ్లీ అదే నేలలోకే ఇంకుతుంది.

దాతృత్వం పెద్దయెత్తున జరిగిన చోటు అనంతపురం. శ్రీ సత్యసాయి ట్రస్టు 1990ల మధ్యలో సుమారు 300 కోట్ల రూపాయలతో, 731 ఊళ్లకు రక్షిత నీరు అందించే పథకం కట్టింది. అంత తక్కువ కాలంలో అంత పెద్ద పని పూర్తికావడం చూసి తపాలా శాఖ 1999లో దాని మీద స్టాంపు కూడా విడుదల చేసింది. కట్టడం అయ్యాక దాన్ని నడపడం ప్రభుత్వ బాధ్యత అయింది. ఆ పథకాన్ని నడిపే కార్మికులు జీతాలు అందక సమ్మెకు దిగిన సందర్భాలున్నాయి. అప్పుడు ఊళ్లలో కుళాయిలు బోసిపోయాయి. పైపు వేసిన రోజు కంటే, పదేళ్ల తర్వాత ఆ పైపును ఎవరు చూసుకుంటారన్నదే గట్టి ప్రశ్న.

నీటి కోసం జరిగిన నడకల్లో అతి గొప్పది దానం కోసం నడిచింది కాదు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేడ్కర్ వెంట వేలాది దళితులు సభ జరిగిన చోటు నుంచి ఊరేగింపుగా చవ్‌దార్ చెరువుకు నడిచారు. చెరువులోకి దిగి నీళ్లు తాగారు. ఇలాంటి బహిరంగ చెరువులూ బావులూ అందరివని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది, ఆ చెరువు విషయంలో మహాడ్ మునిసిపాలిటీ కూడా మరుసటేడు ఒప్పుకుంది. కాగితం మీద హక్కు అప్పటికే ఉంది, చెరువు దగ్గర లేదు. ఆ కాస్త దూరం నడిచినందుకు వాళ్లు దెబ్బలు తిన్నారు, చెరువును ‘శుద్ధి’ చేశామని అగ్రకులాలవాళ్లు పూజలు జరిపారు. ఆ చెరువు హక్కు మీద నడిచిన కేసు బొంబాయి హైకోర్టులో 1937లో గెలిచేదాకా పదేళ్లు పట్టింది.

అది ఎక్కడో, ఎప్పుడో అనుకోవడానికి వీల్లేదు. 1985 జులైలో కారంచేడులో దళితవాడ మంచినీళ్ల చెరువును పాడుచేస్తుంటే అడ్డుచెప్పిన దగ్గర మొదలైన గొడవ మర్నాడు ఆరుగురు దళితుల హత్యతో ముగిసింది. ఆ నెత్తురులోంచి దళిత మహాసభ పుట్టింది. నీళ్ల అసమానత గురించి తెలుగునాట మాట్లాడేటప్పుడు రాతి పొరల గురించి ఎంత మాట్లాడాలో, ఊళ్లో ఎవరి వాడ ఏ మూలన ఉందన్నదాని గురించీ అంతే మాట్లాడాలి. ఏ.కొండూరు బాధితుల్లో అత్యధికులు లంబాడీలు కావడం యాదృచ్ఛికమేమీ కాదు. మంచి భూమి, కాలువ, రోడ్డు అన్నిటికీ చివరన తండా ఉంటుంది.

నల్గొండవాళ్లకు ఈ పాఠం బాగా తెలుసు. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన ఆ జిల్లా గోడు ఎవరూ వినకపోతే, దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి 1996 లోక్‌సభ ఎన్నికల్లో వందలాది బాధితుల చేత నామినేషన్లు వేయించింది. బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగును వాయిదా వేయక తప్పలేదు. ఆ ఏడే అభ్యర్థుల డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచుతూ చట్టం మార్చారు. నీళ్లకంటే డిపాజిట్ ముందు పెరిగింది. 2003లో ఫ్లోరోసిస్‌తో ఒళ్లంతా వంకర్లు తిరిగిన అంశల స్వామిని ఢిల్లీ తీసుకెళ్లి, నాటి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద పడుకోబెట్టారు. ఆ మరుసటి ఏడాది అదే జిల్లా గుండా వేసిన భారీ పైపుల్లో కృష్ణా నీళ్లు హైదరాబాద్‌కు వెళ్లాయి. పల్లెల్లో ఇంటింటికీ నీళ్లంటూ మిషన్ భగీరథ మొదలైంది 2016లో. పైపు పక్కనే ఉన్న ఊరికి నీళ్లు రావడానికి ఏళ్లు పట్టింది. 2023 జనవరిలో స్వామి కన్నుమూశారు.

దేశం మొత్తం మీద లెక్క మారింది, నిజమే. 2019 ఆగస్టు 15న జలజీవన్ మిషన్ ప్రకటించేనాటికి పల్లెల్లో వందకు 17 ఇళ్లలోనే కుళాయి ఉండేది. 2025 నాటికి 15 కోట్లకు పైగా ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చారు, గడువును 2028 దాకా పొడిగించారు. మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలన్నది నియమం. కుళాయి బిగించడం ఒక లెక్క, దానిలో 55 లీటర్లు రావడం వేరే లెక్క.

మరి తిరువూరు దారిలో ఒక నీటి నడక జరిపితే అది ఎలా ఉండాలి? బకెట్టు మోసి చేతులు నొప్పిపుట్టించుకోవడం మంచి అనుభవమే, ముఖ్యంగా ఫిల్టరు నొక్కితే నీళ్లొచ్చే ఇంట్లో పెరిగిన పిల్లలకు. కానీ ఇక్కడ మోయాల్సిన సరుకు వేరు. తండాల నుంచి ఒక్కో బోరు నీటి నమూనా ఒక్కో సీసాలో పట్టుకుని, సీసా మీద ఊరి పేరూ తేదీ రాసి, మైలవరం మీదుగా ఇబ్రహీంపట్నం కృష్ణ ఒడ్డు దాకా కొన్ని రోజులు నడిస్తే ఆ రోడ్డు పక్కన కాలేజీలకూ, దుకాణాలకూ, బస్సు ప్రయాణికులకూ చూపించడానికి ఒక వస్తువు ఉంటుంది. దారిలో పప్పు ఉడికించి చూపించవచ్చు, ఒక పొయ్యి మీద బోరు నీళ్లు, ఇంకో పొయ్యి మీద కృష్ణా నీళ్లు. ఉపన్యాసం అక్కర్లేకుండా విషయం బడిపిల్లలకు కూడా అర్థమవుతుంది. నడిచేవాళ్లకు ప్లాస్టిక్ సీసాల నీళ్లు పంచకుండా ఏ ఊళ్లో ఆగితే ఆ ఊరి రక్షిత నీటి కుళాయి దగ్గర తాగితే, ఎక్కడ కుళాయి ఉందో ఎక్కడ లేదో దారిలోనే తేలిపోతుంది.

వసూలైన డబ్బును ఇంకో ఆర్వో ప్లాంటు మీద పెట్టాలా అన్నది ఆలోచించాల్సిన విషయం. పైపులైను వచ్చిన చోట ఆ డబ్బు వేరే పనికి ఎక్కువ ఉపయోగపడుతుంది. ఏడాదిలో నాలుగు సార్లు, వానలకు ముందూ తర్వాతా, సిలికా సహా పూర్తి పరీక్ష చేయించి ఫలితాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో ట్యాంకు గోడ మీద రాయించవచ్చు. జబ్బు తొలిదశలోనే తెలిసేలా తండాల్లో మూత్ర, రక్త పరీక్షలు చేయించవచ్చు. డయాలసిస్‌కు వెళ్లే రోగులకు బండి ఏర్పాటు చేయవచ్చు. ఇవేవీ ఫొటోలో అందంగా పడవు, కాబట్టే వీటికి దాతలు తక్కువ.

ఇంకొక పనికి డబ్బే అక్కర్లేదు. పైపు నీళ్లు వచ్చిన ప్రతి ఊళ్లోనూ జరిగేదేమిటంటే, ట్యాంకుకు దగ్గరున్న ఇళ్లవాళ్లు కుళాయికి మోటారు బిగించి నీళ్లు లాగుతారు, చివరి ఇంటికి సన్నటి ధార వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. ఆ చివరి ఇంటివాళ్లు తిరిగి బోరింగు దగ్గరికే వెళతారు. నడక ముగిసిన మరుసటి వారం నిర్వాహకులు ఒక బిందె, ఒక గడియారం తీసుకుని తండాలో మొదటి ఇంటి దగ్గరా చివరి ఇంటి దగ్గరా బిందె నిండటానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూసి రాసుకోవాలి. ఆ రెండు అంకెలనూ గ్రామసభలో చదివి, నీటి సరఫరా ఇంజినీరు చేత సంతకం పెట్టించుకుని, మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లి కొలవాలి.